ఎడమవైపు మానిటర్

ఊళ్ళోని ఆఫీసుల కంప్యూటర్లు బాగుచేసే కంపెనీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఎదురుగా ఉంటే మేడమ్ అనేవాళ్ళు, అటు తిరిగిందంటే "మార్చిచూడమ్మ" అనేవాళ్ళు. కంప్యూటర్ మొరాయిస్తోందని ఎవరు ఫోన్ చేసినా ఆమె నోట్లోంచి మొదట ఊడిపడే మాట అదే మరి. "కేబుల్ మార్చి చూడండి. ప్లగ్గు మార్చి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, రెండు మార్చారంటే ఆ తర్వాత నన్ను అడక్కండి." లోపం ఇంట్లో దూరిన ఎలుకలాంటిదని ఆమె నమ్మకం. సామానంతా ఒకేసారి కదిపితే ఎలుక ఎటు పోయిందో తెలియదు. ఒక్కొక్కటే జరుపుకుంటూ పోతే ఎక్కడో ఒక చోట తోక కనపడుతుంది.

ఆమెకు ఇంకో నమ్మకం కూడా ఉంది. ఫోన్ చేసేవాళ్ళు అబద్ధమాడతారు. కావాలని కాదు, అలవాటు కొద్దీ. స్విచ్ వేశారా అంటే వేశామంటారు, వెళ్ళి చూస్తే వేసి ఉండదు. మేమేమీ ముట్టుకోలేదంటారు, చూస్తే ముట్టుకోని చోటు ఉండదు. ఇన్నేళ్ళు ఊరందరి కంప్యూటర్లూ బాగుచేశాక ఆమెకు మనుషుల మీద కోపమైతే లేదు, వాళ్ళు చెప్పేదాని మీద నమ్మకం లేదు, అంతే.

ఈ రెండు నమ్మకాలూ ఒకదాన్నొకటి ఢీకొన్నది వదిన దగ్గర.

వదిన అంటే సొంత అన్నయ్య భార్య. మందుల పెట్టెల్లో మడతలు మడతలుగా కుక్కి ఉంటుందే, మనం చదవకుండా పారేసే పల్చటి కాగితం, అది అచ్చుకు వెళ్ళేముందు అక్షరం అక్షరం సరిచూడటం ఆవిడ ఉద్యోగం. ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. బల్ల మధ్యలో లాప్‌టాప్, దానికి అటొక మానిటర్, ఇటొక మానిటర్. ఎడమ తెర మీద డాక్టర్లు ఒప్పుకున్న కాపీ ఉంటుంది. మధ్యలో లాప్‌టాప్ మీద అచ్చుకు పోవలసిన కాపీ. కుడి తెర మీద తప్పులు రాసుకునే పేజీ. రోజుకు రెండు మాత్రలు అని ఉండాల్సిన చోట పన్నెండు అని పడితే పట్టుకోవలసింది ఆవిడే. పట్టుకుంటుంది కూడా. వాళ్ళ ఆఫీసులో ఆవిడకు "డేగ" అని పేరు. ఆ పేరు విని ఆవిడ ఎన్నడూ నొచ్చుకోలేదు, పైగా కాస్త నిటారుగా కూర్చునేది.

చిక్కేమిటంటే ఆ కళ్ళకు పనివేళలంటూ లేవు. ఆవిడ ఆడపడుచు, అంటే మన మార్చిచూడమ్మ, ఒకప్పుడు ఉద్యోగం మానేసి సొంతంగా రిపేర్ల షాపు పెట్టాలని సరదా పడింది. పెద్ద బోర్డు రాయించింది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి బాగుంది బాగుంది అంటుంటే, వదిన వచ్చి ఒక్క చూపు చూసి, "ఫోన్ నంబర్లో ఒక అంకె తప్పు పడింది" అంది. నిజమే, తప్పు పడింది. కానీ అందరి ముందూ అంది. అబద్ధం చెప్పినవాళ్ళను క్షమించడం తేలిక, నిజం చెప్పినవాళ్ళను క్షమించాలంటేనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ షాపు ఆ తర్వాత వేరే కారణాల వల్ల మూతపడింది గానీ, ఆడపడుచు మనసులో మాత్రం ఆ పూటే మూతపడింది. అప్పట్నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ అనేంత వైరం లేదు గానీ, ఆప్యాయతా లేదు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఈ అర్ధమొగుడు ఆ గడప తొక్కడమే అరుదు.

అలాంటి వదిన కొన్ని వారాల కిందట తనంతట తాను ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఎడమ మానిటర్ ఆరిపోతోంది."

"పూర్తిగా ఆరిపోతోందా వదినా, మినుకు మినుకుమంటోందా?"

"పని చేసుకుంటూ ఉంటానా, పక్కన ఉండదు. ఏమైందా అని తల తిప్పి చూస్తే ఉంటుంది."

"అంటే మీరు చూస్తే వస్తుంది, చూడకపోతే పోతుంది."

"అచ్చం అంతే."

"మానిటర్లకు సిగ్గుండదు వదినా. కేబుల్ మార్చి చూడండి."

వదిన మార్చింది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషే. మర్నాడు మళ్ళీ ఫోన్. ఈసారి సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఏ తెర ఎన్నోదో చూపించే బటన్ నొక్కమంది ఆడపడుచు. నొక్కగానే ఒక్కో తెర మీదా పెద్ద అంకె పడుతుంది. "ఏమేం కనిపిస్తున్నాయి?" అంటే "మధ్యలో రెండు, కుడివైపు మూడు. ఒకటి లేదు. ఆఁ, ఉండు, తిరిగాను, ఉంది" అంది వదిన. ఉండీ లేనట్టుండే లోపమంటే ఈ వృత్తిలో అందరికీ ఒళ్ళుమంట. పూర్తిగా చచ్చిపోయిన యంత్రాన్ని బాగు చేయవచ్చు, అప్పుడప్పుడూ మూర్ఛపోయేదాన్ని ఎవరు పట్టుకోగలరు? కరెంటు ఆదా చేసే సెట్టింగ్ తీసేయించింది. లాప్‌టాప్‌కూ మానిటర్లకూ మధ్య తీగలన్నీ వచ్చి కలిసే చిన్న పెట్టె ఒకటుంటుంది, డాక్ అంటారు, కొత్త డాక్ పంపింది. ఆ తర్వాత ఏకంగా కొత్త మానిటరే పంపింది. దేనికీ లొంగలేదు.

చివరికి విసుగొచ్చి అన్నయ్యతో అననే అంది. "వదిన తిప్పుతోంది నన్ను. వెనకటి కక్ష ఏదో తీర్చుకుంటోంది."

అన్నయ్య పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాడు.

"తిప్పడం కాదు చెల్లాయ్. ఈమధ్య దాని చేతిలోంచి తప్పులు జారిపోతున్నాయి. అదృష్టం బాగుండి అచ్చయ్యేలోపు ఎవరో పట్టుకున్నారట. మానిటర్ పోయిందని అది చెప్తోంది, ఆఫీసువాళ్ళు నమ్మడం లేదు. ఇవాళ భోజనాలయ్యాక పైవాళ్ళు వీడియోలో కూర్చుని చూస్తుంటే ఒక కాగితం సరిచూసి పెట్టాలిట. అందులో కూడా తప్పు జారిందంటే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఒక్కసారి వెళ్ళి చూడవే. దానికి ఆ పని లేకపోతే ఇంట్లో తప్పులు పట్టడం మొదలుపెడుతుంది. ఇంట్లో ఉన్న తప్పు నేనొక్కణ్ణే."

నవ్వుతూ అన్నాడు గానీ గొంతులో నవ్వు లేదు. ఆడపడుచు ఆ పూటకు సెలవు పెట్టి, సంచీలో కేబుళ్ళూ, ఇంకో డాకూ, తన సొంత లాప్‌టాపూ సర్దుకుని బయల్దేరింది.

తలుపు తీసిన వదిన మోచేతి మీద నల్లగా కమిలిన మచ్చ ఉంది.

"ఏమైంది?"

"తలుపు కొట్టుకుంది. ఈ ఇంట్లో తలుపులు ఈమధ్య నా మీద కక్ష కట్టాయి. చెప్పులు అక్కడ కాదు, ఇటుపక్క విడువు."

మనిషేం మారలేదని ఆడపడుచు అనుకుంది. పని గది చిన్నది. కిటికీకి తెర వేసి ఉంది, వెలుగు మానిటర్ల మీద పడకుండా. బల్ల మీద దుమ్ము లేదు, తీగలు వెనకాల చక్కగా కట్టి ఉన్నాయి. ఊళ్ళో ఇన్ని ఆఫీసులు తిరిగినా తీగలు ఇంత పద్ధతిగా కట్టుకున్న మనిషిని ఆమె చూడలేదు. మెచ్చుకోవాలనిపించింది గానీ మెచ్చుకోలేదు. బల్ల ఎడమ చివర ఒక గ్లాసులోంచి నీళ్ళు ఒలికి, తుడిచిన మరక మాత్రం కొత్తగా ఉంది. రెండు మానిటర్లూ దీపాల్లా వెలుగుతున్నాయి.

"ఇప్పుడు బాగానే ఉందిగా?"

"నువ్వొచ్చావని బుద్ధిగా ఉంది. పిల్లలు బంధువుల ముందు ఉన్నట్టు."

"సరే, మీరు కూర్చుని మామూలుగా పని చేసుకోండి. పోయినప్పుడు పోయిందని చెప్పండి. నేను కింద ఉంటా."

వదిన కుర్చీలో కూర్చుంది. ఆడపడుచు బల్ల కింద దూరింది. ముందు ఎడమ, కుడి మానిటర్ల కేబుళ్ళు ఒకదానిది ఇంకోదానికి మార్చింది. కాసేపటికి పైనుంచి "పోయింది" అని వినపడింది. ఏది పోయింది? ఎడమది. అంటే కేబుల్లో లేదు. చంటిపిల్లలా పాకుతూ బయటికి వచ్చేసరికి వదిన కూడా అటు తిరిగి చూస్తోంది, మానిటర్ వెలుగుతూనే ఉంది. "వచ్చేసింది మళ్ళీ" అంది వదిన, దాని తరఫున తనే సిగ్గుపడుతున్నట్టు.

ఈసారి మానిటర్లనే ఎత్తి అటుది ఇటు, ఇటుది అటు పెట్టింది. కుడివైపు ఇన్నాళ్ళూ బుద్ధిగా ఉన్న మానిటర్ ఎడమవైపు రాగానే అదీ చెడిపోయింది. ఎడమవైపు చెడిపోయిన మానిటర్ కుడివైపు రాగానే బాగుపడింది. సావాసదోషం విన్నాం గానీ స్థానదోషం ఇదే చూడటం అనుకుంది ఆడపడుచు. కరెంటు ప్లగ్గులు మార్చింది. ఎడమది పోయింది. డాక్‌లో దూర్చే చోట్లు మార్చింది. ఎడమది పోయింది. డాకే మార్చింది, ఆ తర్వాత కేబుళ్ళూ కొత్తవి వేసింది. మళ్ళీ ఎడమదే. నడుం పట్టేసింది, జుట్టుకు బూజు అంటుకుంది.

"టీ తాగుతావా?" అని వదిన మధ్యలో అడిగింది. గొంతు మెత్తగా ఉంది. "అన్నం వేళ దాటాక మొదలుపెడతారు వాళ్ళు. అప్పటికి అవుతుందంటావా?"

"అవకపోతే వదుల్తానా? అసలు ఈమధ్య జారిపోయిన తప్పులు ఎలాంటివి వదినా?"

"సిగ్గుచేటు తప్పులు. వరస మధ్యలో చీమంత చుక్క తేడా ఉంటే పట్టుకున్నాను. వరస మొదట్లో ఒక మాటకి మాటే ఎగిరిపోతే వదిలేశాను. ఎడమ తెర వెలుగుతూ ఉంటే అలా అయ్యేదా? దాన్ని చూసుకునే కదా నేను పోల్చేది." ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అననివ్వలేదు అమ్మాయ్. ఇప్పుడు నిన్న కాక మొన్న చేరిన పిల్ల నా కాగితాలు మళ్ళీ చూస్తోంది. చూసి నాకు చెప్పకుండా దిద్దేస్తోంది, నేను బాధపడతానని. ఆ జాలి భరించలేకపోతున్నాను."

ఈ మనిషి తన ముందు బాధపడుతుందని ఆడపడుచు ఎన్నడూ అనుకోలేదు. తిరిగి పనిలో పడటమే మేలనుకుంది. చిట్టచివరి అస్త్రంగా వదిన లాప్‌టాప్ పక్కన పెట్టి, సంచీలోంచి తన లాప్‌టాప్ తీసి బల్ల మధ్యలో పెట్టింది. ఇప్పుడు కేబుళ్ళు కొత్తవి, డాక్ కొత్తది, లాప్‌టాప్ తనది, మానిటర్లు అటూ ఇటూ మారినవి. పాతది ఏదీ మిగల్లేదు. ఈసారి బల్ల కింద దూరలేదు, వదిన కుర్చీ వెనకాల నిలబడి చేతులు కట్టుకుని చూస్తూ ఉంది.

వదిన మధ్య తెర మీద ఏదో చదువుతోంది. రెండు మానిటర్లూ నిండుగా వెలుగుతున్నాయి.

"ఇదిగో, పోయింది" అంది వదిన.

ఆడపడుచు ఎడమవైపు చూసింది. మానిటర్ వెలుగుతోంది. అక్షరాలన్నీ కనిపిస్తున్నాయి, పైన గడియారంతో సహా.

"పోయిందా?"

"పోయింది. నీకు కనపడ్డం లేదూ?"

మొట్టమొదట ఆమెకు వచ్చింది కోపం. దొరికిపోయింది అనుకుంది. ఇన్ని వారాలు తనను ఆడించింది, కొత్త మానిటర్ తెప్పించింది, బల్ల కింద పాకించింది. తప్పులు చేసింది తను, నెపం మాత్రం యంత్రం మీద. అందరూ అబద్ధమాడతారు, డేగ కూడా ఆడింది, ఆట్టే తెలివిగా కూడా ఆడలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే ఎంత హాయిగా ఉంటుందో కూడా ఆమెకు తెలుసు.

అనలేదు. ఆ బోర్డు అడ్డొచ్చింది.

ఇంటిల్లిపాదీ మొహమాటానికి మెచ్చుకుంటున్నప్పుడు కూడా అబద్ధం చెప్పలేకపోయిన మనిషి ఈవిడ. ఒక్క అంకెను చూసీ చూడనట్టు వదిలేస్తే పోయేది, వదల్లేకపోయింది. ఎదుటివాళ్ళ సంతోషం కోసం అబద్ధమాడని మనిషి తన కోసం ఆడుతుందా? ఇన్నేళ్ళు పగపట్టి దాచుకున్న సంగతే ఇప్పుడు వదిన తరఫున సాక్ష్యం చెబుతోంది. మానిటర్ పోయిందని వదిన అంటే పోయినట్టే. మానిటర్ వెలుగుతోందంటే వెలుగుతున్నట్టే. రెండూ నిజమే అయితే తోక ఎక్కడుంది?

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. అన్నీ మార్చింది. మార్చనిది ఒక్కటే ఉంది.

"వదినా, మీరు ఒకసారి లేవండి."

వదిన లేచింది. ఆడపడుచు ఆ కుర్చీలో కూర్చుని, మధ్య తెర మీద చూపు నిలిపి, చాలాసేపు అలాగే ఉంది. కుడివైపు వెలుగు కంటి కొసకు తగులుతోంది. ఎడమవైపు వెలుగు కూడా తగులుతోంది. ఏదీ ఆరలేదు.

లేచి, వదినను మళ్ళీ కూర్చోబెట్టి, కుర్చీని బల్లవైపు నుంచి తనవైపుకు తిప్పింది. తను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నా ముక్కు వంకే చూడండి. చూపు కదపొద్దు. నేను చెయ్యి ఎత్తి వేళ్ళు ఆడిస్తాను. ఆడించినప్పుడు చెప్పండి."

"కంటి డాక్టరువి కూడానా?"

"అన్నీ నేనే. చూడండి."

ఆడపడుచు వదినకు కుడివైపున వేళ్ళు ఆడించింది. "ఆడించావు" అంది వదిన వెంటనే. ఎడమవైపున చెయ్యెత్తి వేళ్ళు ఆడించింది. వదిన మాట్లాడలేదు. ఆడపడుచు ఇంకా వేగంగా ఆడించింది, అరచెయ్యి మొత్తం ఊపింది. వదిన ఆమె ముక్కువంకే బుద్ధిగా చూస్తోంది.

"ఇంకా మొదలుపెట్టవేం?" అంది.

ఆడపడుచు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమెకు భయం వేసింది, చిన్నప్పుడు జనంలో అమ్మ చెయ్యి జారిపోయినప్పుడు వేసినలాంటి భయం. అయినా చేతులకు వచ్చిన పని అవి చేసుకుపోయాయి. ఎడమ కన్ను మూయమంది, మళ్ళీ చూసింది. ఎడమవైపు లేదు. కుడి కన్ను మూయమంది. అప్పుడూ ఎడమవైపే లేదు. అంటే ఈ కన్నూ కాదు, ఆ కన్నూ కాదు. రెండు మానిటర్లూ ఒకే చోట పోతుంటే తప్పు మానిటర్లలో ఉండదు, తీగలు రెండూ పోయి కలిసే చోట ఉంటుంది. కళ్ళ వెనకాల తీగలు ఎక్కడ కలుస్తాయో ఆమె చదువుకోలేదు. తలలో కాక ఇంకెక్కడ కలుస్తాయి?

"ఏమిటే అలా అయిపోయావు?"

"వదినా, మానిటర్లో ఏం లేదు."

"మరి?"

"మీరే ఎడమవైపు చూడలేకపోతున్నారు. రెండు కళ్ళతోనూ. తల తిప్పితే కనపడుతోంది కాబట్టి ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇప్పుడు నేను చెయ్యి ఊపాను. చాలాసేపు ఊపాను."

వదిన ఆమె మొహంలోకి చూసింది. తర్వాత తల నెమ్మదిగా ఎడమవైపు తిప్పింది, గాల్లో ఉన్న చెయ్యి కనపడేదాకా. ఆ చేతిని చూసి, తల ముందుకు తిప్పింది. చెయ్యి పోయింది కాబోలు, మళ్ళీ తిప్పి చూసింది. అక్షరం అక్షరం పోల్చే మనిషి, ఒక్కసారి చూసి నమ్మదు. అలా కొన్నిసార్లు చూసుకున్నాక తన మోచేతి మీది మచ్చను తడుముకుంది.

"అందుకా తలుపులు" అంది.

ఆడపడుచు వరండాలోకి వెళ్ళి ఆస్పత్రికి ఫోన్ చేసింది. మాట పోయిందా, చెయ్యి బరువెక్కిందా, నడక తడబడుతోందా అని అవతలి మనిషి అడిగింది. ఎప్పటి నుంచి అంటే కొన్ని వారాలంది ఆడపడుచు. వెంటనే తీసుకురండి, బండి మాత్రం ఆవిడ చేత నడిపించకండి అంది అవతలి మనిషి. ఇన్ని వారాలూ ఫోన్లో తను చెప్పిందంతా ఆమెకు గుర్తొచ్చింది. కేబుల్ మార్చండి, సెట్టింగ్ మార్చండి, మానిటర్లకు సిగ్గుండదు. వదిన మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పింది, ఒక్క మాట తేడా లేకుండా. తను నమ్మలేదు, అంతే. గోడకు ఆనుకుని నిలబడితే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

లోపలికి వచ్చేసరికి వదిన బల్ల ముందు కూర్చుని ఉంది. తన లాప్‌టాప్ తను మళ్ళీ మధ్యలో పెట్టుకుంది.

"లేవండి, వెళ్దాం."

"వాళ్ళు పిలిచే వేళైంది. ఈ ఒక్క కాగితం చూసేసి వస్తాను. తల తిప్పుకుంటూ చూస్తే సరిపోతుందిగా. ఇప్పుడు తెలిసిందిగా."

"వదినా, మీ తలలో ఏమైందో మనకు తెలియదు. కాగితం రేపు కూడా ఉంటుంది."

"రేపు ఉండదు. నేను ఇవాళ రాలేనంటే భయపడి తప్పించుకున్నాననుకుంటారు."

"ఎందుకనుకుంటారు? నేను మాట్లాడతా." ఆడపడుచు గబగబా చెప్పుకుపోయింది. "మానిటర్ పూర్తిగా పోయిందని చెప్తాను. నేనే చూశానని, కాలిపోయిందని చెప్తాను. మా కంపెనీ తరఫున మాటగా రాసి పంపిస్తాను కావాలంటే. మీ మాట నిజమైనట్టూ ఉంటుంది, పనీ ఎటూ పోదు. కంటి సంగతి వాళ్ళకెందుకు?"

బాగున్నదాన్ని పాడైందని ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పమని డబ్బిస్తామన్నవాళ్ళను కూడా కసిరి పంపింది. ఇప్పుడు ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. వదిన పని నిలవాలని, ఆ నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ముందు తల దించుకోకూడదని ఆమెకు గట్టిగా అనిపించింది. ఈ అభిమానం ఇన్నాళ్ళూ ఎక్కడుందో ఏమో.

వదిన ఒక క్షణం ఆశగానే చూసింది. అది ఆడపడుచు కంట పడింది. అంతలో లాప్‌టాప్‌లోంచి పిలుపు మోగింది.

వదిన తనే తీసింది. తెరమీద ఇద్దరు కనిపించారు, పెద్దాయన ఒకరు, పక్కన ఒక అమ్మాయి.

"సిద్ధమేనా అండీ? మానిటర్ బాగైందా?" అన్నాడు పెద్దాయన, వ్యంగ్యమో మర్యాదో తెలియకుండా.

"మానిటర్ మొదట్నుంచీ బాగానే ఉందండి" అంది వదిన. "నాకే ఎడమవైపు కనపడటం లేదు. ఇప్పుడే తెలిసింది. ఆస్పత్రికి వెళ్తున్నాను. ఇవాళ కాగితం చూడను, చూడకూడదు కూడా. ఒక పని చెయ్యాలి మీరు. మానిటర్ ఆరిపోతోందని నేను మీకు మొదట చెప్పిన వారం ఉంది చూడండి, అక్కడ కాదు, దానికి ఇంకో నెల వెనక నుంచి నా చేతి మీదుగా పోయిన ప్రతి కాగితం ఆపండి. అచ్చయినవి ఉంటే వెనక్కి తెప్పించండి. వరసల మొదట్లో మాటలు పోయి ఉంటాయి. అవి ఎవరో ఒకరు మింగే మందులు."

పెద్దాయన పెన్ను అందుకుని రాసుకోసాగాడు. పక్కనున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"అమ్మాయ్, ఏడవకు. నువ్వే చూడు వాటిని" అంది వదిన ఆ పిల్లతో. "ఎడమపక్క చూస్తే చాలు. కుడిపక్క నేను చూశాను. అటు నీకు తప్పు దొరకదు."

పిలుపు కట్టేసి, లాప్‌టాప్ మూసింది. మానిటర్లు రెండూ ఒకేసారి ఆరిపోయాయి. వదిన లేచి సంచీ అందుకోబోయి, బల్ల ఎడమ అంచున ఉన్న గ్లాసును మళ్ళీ దొర్లించేసింది. నీళ్ళు కిందికి కారాయి. ఆడపడుచు తుడవబోతే "ఉండనీ" అంది. ఆ ఇంట్లో అలాంటి మాట ఆమె ఎన్నడూ వినలేదు.

మెట్లు దిగి వీధిలోకి వచ్చారు. ఆడపడుచు కారు అవతలి వైపు ఆపి ఉంది, రోడ్డు దాటాలి. మధ్యాహ్నపు ఎండలో బళ్ళు రెండువైపుల నుంచీ వస్తున్నాయి. ఆడపడుచు వదినకు కుడిపక్కన చేరి చెయ్యి పట్టుకుంది, తను ఆవిడకు కనపడుతూ ఉంటే ధైర్యంగా ఉంటుందని.

వదిన చెయ్యి విడిపించుకుంది.

"ఇటు కాదు."

"మీకు కనపడుతుందని వదినా..."

"కనపడే పక్క నేను చూసుకోగలను. నువ్వు అటు రా."

ఆడపడుచు వెనకనుంచి తిరిగి ఎడమవైపు వచ్చింది. వదిన తల తిప్పలేదు. చెయ్యి మాత్రం చాపి, గాల్లో కాస్త తడిమి, దొరికిన చేతిని పట్టుకుంది.

"బళ్ళు వస్తున్నాయా?" అంది.

"ఆగండి" అంది ఆడపడుచు. వదిన ఇంకేమీ అడగకుండా ఆగింది.